జుబిన్ మెహతా: బదులుగా వచ్చి నిలిచిపోయిన కండక్టర్

1960లో కెనడాలోని మాంట్రియల్ సింఫనీ ఆర్కెస్ట్రా కచేరీ నడపవలసిన కండక్టర్ (వాద్యబృందం ముందు నిలబడి చేతి సంజ్ఞలతో నడిపించే సారథి) ఈగోర్ మార్కెవిచ్ జబ్బుపడ్డారు. ఆయన బదులు వేదిక ఎక్కిన మనిషికి ఇరవై నాలుగేళ్లు, ఊరు బొంబాయి. మరుసటి ఏడాది మొదట్లో లాస్ ఏంజెలెస్‌కు ఫ్రిట్జ్ రైనర్ రాలేకపోతే మళ్లీ ఆయనకే పిలుపు వచ్చింది. అదే 1961లో ఇజ్రాయెల్ ఫిల్హార్మోనిక్‌కు యూజీన్ ఆర్మండీ రావడం లేదని తెలిసి అక్కడికీ ఆయన్నే రప్పించారు. చివరికి ఈ మూడు బృందాల పగ్గాలూ జుబిన్ మెహతా చేతికే వచ్చాయి. మాంట్రియల్‌లో 1961 నుంచి ఆరేళ్లు, లాస్ ఏంజెలెస్‌లో 1962 నుంచి పదహారేళ్లు పనిచేశారు. ఇజ్రాయెల్ బృందంతో అయితే, సలహాదారు హోదా దక్కిన 1969 నుంచి లెక్కవేసినా యాభై ఏళ్లు.

ఈ వరుసను అదృష్టం ఖాతాలో వేయడం తేలిక. పిలుపు రావడం వరకు అదృష్టమే, కాదనలేం. కానీ బదులు వెళ్లే కండక్టర్ పరిస్థితి ఎలా ఉంటుందో చూడాలి. ఏ రచనలు వాయించాలో నెలల ముందే ఖరారై ఉంటుంది. టికెట్లు అమ్ముడుపోయి ఉంటాయి. రిహార్సళ్లు రెండో మూడో మిగిలి ఉంటాయి. తనకు బాగా పట్టున్న రచన పెట్టుకుందామంటే చాలాసార్లు కుదరదు. ఎదురుగా కూర్చున్న వందమందిలో ఎక్కువమంది ఆ రచనను అప్పటికే హేమాహేమీల దగ్గర వాయించి ఉంటారు. మొదటి రిహార్సల్లో పది నిమిషాలు గడిచేసరికి వచ్చినవాడి సరుకెంతో వాళ్లకు తెలిసిపోతుంది. ఒక బృందం మొహమాటానికి మళ్లీ పిలిచిందనుకోవచ్చు. మూడు బృందాలూ పిలిచి పీట వేశాయంటే మాత్రం కారణం వేరే ఉండాలి. మెహతా ప్రధానంగా వాద్యకారులు కోరుకున్న కండక్టర్. విమర్శకులు కోరుకున్నవాడు కాదు. ఆయన వృత్తిజీవితంలోని విజయాలూ విమర్శలూ చాలావరకు ఈ తేడాలోంచే పుట్టాయి.

వాద్యకారులు కండక్టర్ నుంచి ఏం కోరుకుంటారో తెలియాలంటే బీథోవెన్ ఐదో సింఫనీ మొదటి క్షణాలు చాలు. అందరికీ తెలిసిన ఆ నాలుగు స్వరాలు, మూడు పొట్టివి, ఒకటి పొడుగు, నిజానికి నిశ్శబ్దంతో మొదలవుతాయి. స్కోరులో, అంటే అచ్చయిన స్వరలిపిలో, మొదట కనిపించే గుర్తు స్వరం కాదు, విరామం. కండక్టర్ చెయ్యి కిందికి పడే చోట ఏ శబ్దమూ ఉండదు. పడిన తర్వాతే తంత్రీవాద్యాలూ క్లారినెట్లూ కలిసి మూడు స్వరాలను చకచకా పలకాలి. బీథోవెన్ స్వయంగా సూచించిన వేగం ప్రకారం చూస్తే ఒక్కో పొట్టి స్వరం నిడివి సెకనులో ఏడో వంతు. లయ ఇంకా మొదలే కాలేదు, అందుకోవడానికి ముందు ఏమీ వినిపించలేదు. అయినా యాభై అరవై మంది ఒకే వేగాన్ని ఊహించుకుని ఒకే క్షణంలో దూకాలి. ఆ వేగం వాళ్లకు తెలిసే దారి ఒక్కటే: చెయ్యి కిందికి పడేముందు పైకి లేచిన తీరు. అందులో రవంత తడబాటున్నా మూడు స్వరాలు చిట్లి ఐదారుగా వినిపిస్తాయి.

నాలుగో స్వరాన్ని ఎంతసేపు నిలపాలో స్కోరు చెప్పదు, కండక్టరే తేల్చుకోవాలి. అదే పలుకు కాస్త కింది స్థాయిలో రెండోసారి వచ్చినప్పుడు చివరి స్వరానికి బీథోవెన్ ఒక ఆవర్తం అదనంగా రాశారు. ఆ తేడా గమనించకుండా రెండింటినీ ఒకే పొడుగు లాగేసే కండక్టర్ స్కోరు సరిగా చదవలేదని ముందు వరుస వయొలిన్లకు అక్కడికక్కడే తెలిసిపోతుంది. ప్రేక్షకులకు కనిపించే చేతుల విన్యాసం ఈ పనిలో చిన్న భాగం. వేగం ఎంత, ఏ వాద్యం ఎక్కడ తగ్గాలి, వయొలిన్లన్నీ కమాను ఎటువైపు లాగాలి, వెనక వరుస నుంచి ఆలస్యంగా వినిపించే ఇత్తడి వాద్యాలను ఎంత ముందుకు తేవాలి, ఇవన్నీ రిహార్సల్లోనే తేలిపోవాలి. నలుగురైదుగురు ఎదురెదురుగా కూర్చుని కళ్లతోనే మాట్లాడుకునే మన కచేరీకి ఇలాంటి మనిషితో పనిలేదు. వందమంది, పక్కవాడి వాద్యం తప్ప ఏదీ సరిగ్గా వినపడని స్థితిలో, అచ్చయిన స్వరాలు చూసి వాయించే చోట ఆయన లేనిదే బండి కదలదు.

ఈ విద్య మెహతాకు ఎక్కడ అబ్బింది? తండ్రి మెహ్లీ మెహతా వయొలిన్ విద్వాంసుడు. 1935లో బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రా నెలకొల్పారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 29న జుబిన్ పుట్టారు. పార్సీలు, గోవా వాద్యకారులు, నగరంలో స్థిరపడిన ఐరోపావాసులు కలిసి నడిపిన బృందం అది. దానికి జీతాలిచ్చే వ్యవస్థ లేదు, ఏడాది పొడుగునా కచేరీలూ లేవు. 1945లో మెహ్లీ న్యూయార్క్ వెళ్లి ఇవాన్ గలామియన్ దగ్గర కొన్నేళ్లు వయొలిన్‌కు సాన పెట్టుకున్నారు. తిరిగి వచ్చాక తండ్రి బృందానికి రిహార్సల్ నడిపే అవకాశం కొడుక్కి పదహారేళ్లకే దక్కింది. ఆ తర్వాత మెహ్లీ మాంచెస్టర్‌లో జాన్ బార్బిరోలి నడిపే హాలే ఆర్కెస్ట్రాలో చేరారు, అక్కణ్నించి అమెరికా చేరుకున్నారు. లాస్ ఏంజెలెస్‌లో 1964లో యువకుల కోసం ఒక సింఫనీ బృందం స్థాపించి మూడు దశాబ్దాలకు పైగా దాన్ని నడిపారు. కొడుకు కీర్తి నీడలో పడిపోయింది గానీ, ఆ జీవితం కూడా విడిగా రాయదగ్గదే.

ఇంట్లో సంగీతం ఇంత ఉన్నా జుబిన్‌ను మొదట వైద్యవిద్య వైపే పంపారు. అది మధ్యలో వదిలేసి 1954లో వియన్నా చేరారు. అక్కడ కార్ల్ బోమ్ నిర్వహణలో వియన్నా ఫిల్హార్మోనిక్ వాయించిన బ్రామ్స్ మొదటి సింఫనీ వినేదాకా అసలైన పెద్ద బృందపు ధ్వని ఎలా ఉంటుందో ఆయనకు తెలియదు. గ్రామఫోను రికార్డుల్లో విన్నదానికీ దీనికీ పోలికే లేదు. ఆయన రికార్డింగుల్లో వినిపించే దట్టమైన, బరువైన తంత్రీవాద్యాల నాదానికి మూలం ఇక్కడే ఉంది. ఎక్కడ పనిచేసినా ఆ బృందంలోంచి వియన్నా ధ్వనిని రాబట్టడానికే ఆయన ప్రయత్నించారు.

వియన్నా అకాడమీలో గురువు హాన్స్ స్వరోవ్‌స్కీ. ఆధునిక స్వరకర్తలు షోన్‌బర్గ్, వేబర్న్‌ల దగ్గర చదువుకున్న మనిషి. ఆయన తరగతిలో హావభావాలకు చోటు లేదు. రచన ఎన్ని ఆవర్తాల గుంపులుగా కట్టారో విడదీసి చూడాలి, వేగానికీ వేగానికీ మధ్య నిష్పత్తి పట్టుకోవాలి, చేతికి అవసరానికి మించిన కదలిక ఉండకూడదు. సహజంగా ఆవేశపరుడైన మెహతాకు ఈ కట్టుబాటు బాగా పనికొచ్చింది. తర్వాతి కాలంలో ఆయన్ను ఆర్భాటపు కండక్టర్ అన్నవాళ్లు కూడా చేతి సంజ్ఞలో స్పష్టత లేదని అనలేదు. క్లాడియో అబ్బాడో కూడా అదే గురువు శిష్యుడు. పెద్దల రిహార్సళ్లలోకి విద్యార్థులను రానిచ్చేవాళ్లు కాదు. అందుకని ఇద్దరూ సింగ్‌ఫెరైన్ గాయకబృందంలో మంద్రస్థాయి గొంతుల వరుసలో చేరిపోయారు. అలా బ్రూనో వాల్టర్, హెర్బర్ట్ ఫాన్ కారయాన్ వంటివాళ్లు పనిచేసే తీరును పాడుతూనే ఎదురుగా చూశారు. కండక్టర్ ముఖం ప్రేక్షకులకు కనపడదు, గాయకబృందానికి కనపడుతుంది. కండక్టింగ్ నేర్చుకునేవాడికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

మెహతా అక్కడ నేర్చుకున్న వాద్యం డబుల్ బేస్. బృందంలో అందరికంటే వెనక నిలబడి, శ్రుతులకు పునాది వేసే వాద్యం అది. పియానో నుంచి నేరుగా పీఠం ఎక్కిన కండక్టర్లకు లేని ఒక అనుభవం ఆయనకు దీనివల్ల దక్కింది. ముందు నిలబడ్డవాడి సంజ్ఞ వెనక వరుసకు అర్థమవుతోందా, రిహార్సల్లో పనిలేకుండా కూర్చోబెడితే ఎంత విసుగు పుడుతుంది, మొదటి వయొలిన్లతోనే మాట్లాడే కండక్టర్ మీద మిగతావాళ్లకు ఎంత చిరాకు అనేవి ఆయనకు స్వానుభవం. వాద్యకారులు ఆయన్ను తమలో ఒకడిగా చూడటానికి ఇది ముఖ్యకారణం అనుకోవచ్చు. టోస్కనీనీ తరంలో కండక్టర్ అంటే సింహస్వప్నం. యుద్ధానంతరం వాద్యకారుల సంఘాలు బలపడ్డాక ఆ పద్ధతికి కాలం చెల్లింది. మెహతా వచ్చింది సరిగ్గా ఆ మార్పు కాలంలో.

1958లో లివర్‌పూల్ అంతర్జాతీయ పోటీలో మొదటి బహుమతి, దాంతోపాటు ఏడాది సహాయ కండక్టర్ ఉద్యోగం వచ్చాయి. రెండేళ్ల తర్వాత మొదట చెప్పిన పిలుపులు. వీటిలో లాస్ ఏంజెలెస్ వ్యవహారం పెద్ద దుమారమే రేపింది. అక్కడ మ్యూజిక్ డైరెక్టర్‌గా, అంటే బృందానికి ప్రధాన సారథిగా, రావడానికి గెయోర్గ్ షోల్టీ ఒప్పుకుని ఉన్నారు. మెహతా కచేరీలు చూసి ముచ్చటపడ్డ పాలకమండలి షోల్టీని సంప్రదించకుండానే మెహతాను సహాయకుడిగా నియమించింది. తన కింద ఎవరు పనిచేయాలో తనను అడగకుండా నిర్ణయించినందుకు షోల్టీ పదవి చేపట్టకముందే రాజీనామా ఇచ్చారు. ఆ ఖాళీలో మెహతా కూర్చున్నారు. ఇందులో షోల్టీ కోపం న్యాయమైనదే. తర్వాత షోల్టీ షికాగో సింఫనీని శిఖరానికి చేర్చారు కనుక ఎవరికీ నష్టం జరగలేదనుకోవాలి. మెహతా మాత్రం ఉత్తర అమెరికాలో రెండు సింఫనీ బృందాలకు ఏకకాలంలో సారథ్యం వహించిన మొదటి కండక్టర్ అయ్యారు.

1964 డిసెంబర్‌లో లాస్ ఏంజెలెస్ కొత్త సంగీత మందిరం డొరొతీ చాండ్లర్ పెవిలియన్ తెరుచుకుంది. ప్రారంభ కచేరీలో మెహతా నిర్వహణలో యాషా హైఫెట్స్ బీథోవెన్ వయొలిన్ కన్‌చెర్టో (ఒక్క వాద్యకారుడు మొత్తం బృందంతో కలిసి వాయించే రచన) వాయించారు. డెక్కా రికార్డింగ్ సంస్థతో ఒప్పందం కుదిరాక ఈ బృందం రికార్డులు లోకమంతా తిరిగాయి. రిచర్డ్ స్ట్రాస్ జరథుష్ట్ర (1968), హోల్స్ట్ ప్లానెట్స్ (1971) రికార్డింగులను నేటికీ వెతుక్కుని వినేవాళ్లున్నారు. పెద్ద బృందం, రంగుల స్వరకల్పన, ఇత్తడి వాద్యాల గర్జన, ఆపైన ఒక్కసారిగా విచ్చుకునే తంత్రీనాదం: మెహతా బలం ఇక్కడే ఉంది. హైడన్, బాఖ్ దగ్గర ఆ ఉత్సాహం కనిపించదు. ఆ రచనలను వాటి కాలపు వాద్యాలతో, వాటి కాలపు పద్ధతిలో వాయించాలన్న ఉద్యమం 1970ల నుంచి ఊపందుకున్నా ఆయన దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

న్యూయార్క్‌లో ఈ పరిమితి బయటపడింది. 1967లో, లెనర్డ్ బెర్న్‌స్టైన్ తర్వాత ఎవరన్న ఊహాగానాలు సాగుతున్నప్పుడు, శత్రువును దెబ్బతీయాలంటే న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌కు పంపితే సరిపోతుందన్న అర్థంలో మెహతా ఒక పత్రికతో అన్నారు. వాద్యకారులు మండిపడ్డారు, ఆయన క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. విచిత్రమేమిటంటే 1978లో పియర్ బులే స్థానంలో ఆ బృందం సారథ్యం ఆయనకే దక్కింది. 1991 దాకా పదమూడేళ్లు సాగింది. ఆ బృందం చరిత్రలో అప్పటివరకు ఏ మ్యూజిక్ డైరెక్టరూ అంతకాలం లేరు. పత్రికల్లో మాత్రం ఆయన వాయింపు పైపై మెరుగుల వ్యవహారమని విమర్శలు వస్తూనే ఉన్నాయి. వాటిలో కొంత నిజం ఉంది. వారం వారం నాలుగేసి కచేరీలు నడిపే చోట, వచ్చిన రచననల్లా దక్షతతో గట్టెక్కించే అలవాటు ఒక్కోసారి లోతును తినేస్తుంది. అలాగని ఆ పదమూడేళ్లను చప్పగా తీసిపారేయలేం. 1981 ఏప్రిల్‌లో రవిశంకర్ రెండో సితార్ కన్‌చెర్టో ఆ బృందంతోనే మొదటిసారి వినిపించింది. 1985లో ఎల్. సుబ్రహ్మణ్యం వయొలిన్ రచన వచ్చింది. అచ్చు స్కోరుకు కట్టుబడ్డ వందమందినీ, రాగాన్ని అప్పటికప్పుడు పెంచుకుంటూ పోయే ఒక్కరినీ ఒకే చోట కలపడం ఈ రెండింటిలోనూ చిక్కు. కలయిక అన్నిచోట్లా అతికిందని అనలేం గానీ, రెండు వైపులా చెవి ఉన్న కండక్టర్ పీఠం మీద లేకపోతే అసలు నిలబడేదే కాదు.

ఆయన పేరు తెలియనివాళ్లు కూడా ఆయన పని విన్నారు. 1972లో లండన్ ఫిల్హార్మోనిక్‌తో పుచ్చినీ తూరాన్‌దోత్ ఒపెరా రికార్డు చేశారు. జోన్ సదర్లాండ్, పవరోత్తి, కబాయే అందులో గాయకులు. అందులో పవరోత్తి పాడిన నెస్సున్ దోర్మా పాటను 1990 ప్రపంచకప్ ఫుట్‌బాల్ ప్రసారాలకు బీబీసీ వాడుకుంది. ఆ ఏడాది జులై 7న, ఫైనల్ ముందురోజు, రోమ్‌లోని కరకల్లా స్నానశాలల శిథిలాల్లో పవరోత్తి, దొమింగో, కరేరాస్ కలిసి పాడినప్పుడు నిర్వాహకుడూ మెహతాయే. ఆ రికార్డు శాస్త్రీయ సంగీతంలో కనీవినీ ఎరుగని సంఖ్యలో అమ్ముడుపోయింది. ఛాందసులు ముక్కు విరిచారు. ముగ్గురు గాయకులు ఎక్కడ ఊపిరి తీస్తారో, ఏ స్వరం మీద ఎంతసేపు వేలాడతారో ముందే పసిగట్టి రెండు బృందాల వాద్యకారులను వెంట నడిపించడం ఎంత కష్టమో ఆ ముక్కు విరుపులో లెక్కకు రాలేదు.

ఇజ్రాయెల్‌తో ఆయన బంధం వృత్తిని దాటి పోయింది. వయొలిన్ విద్వాంసుడు బ్రోనిస్లావ్ హూబర్‌మాన్ ఐరోపా నుంచి వచ్చిన యూదు వాద్యకారులతో 1936లో ఆ బృందాన్ని కూర్చారు. మొదటి కచేరీ టోస్కనీనీ నడిపారు. బృందం నడిచేది వాద్యకారుల సహకార పద్ధతిలో, ఎవరిని పిలవాలో వాళ్లే తేల్చుకుంటారు. అలాంటి బృందం 1981లో మెహతాను జీవితకాల మ్యూజిక్ డైరెక్టర్‌గా ప్రకటించింది. ఇంతకంటే స్పష్టమైన కితాబు ఏ కండక్టర్‌కూ దొరకదు. అదే ఏడాది అక్టోబర్‌లో టెల్ అవీవ్ కచేరీ చివర అదనపు అంశంగా వాగ్నర్ సంగీతం వాయించబోతున్నామని, వినలేనివారు వెళ్లవచ్చని ఆయన ప్రకటించారు. నాజీలు నెత్తిన పెట్టుకున్న ఆ స్వరకర్త సంగీతాన్ని ఆ బృందం 1938 నుంచి పక్కనపెట్టింది. కేకలు లేచాయి. హాలు ఉద్యోగి ఒకరు వేదిక ఎక్కి చొక్కా తెరిచి ఒంటి మీది గాయాల మచ్చలు చూపించారు. మెహతా వాదన తర్కపరంగా బలమైనదే: వాగ్నర్ లేకుండా మాలర్ లేడు, షోన్‌బర్గ్ లేడు. కానీ వేదిక మీదికొచ్చిన ఆ ఒళ్లు తర్కానికి లొంగేది కాదు. 2019 అక్టోబర్‌లో మాలర్ రెండో సింఫనీతో ఆయన ఆ బృందానికి వీడ్కోలు పలికేనాటికీ ఆ అలిఖిత నిషేధం తొలగలేదు.

సంగీతాన్ని గాయపడిన చోట్లకు తీసుకెళ్లడం ఆయనకు విద్యార్థి దశ నుంచే అలవాటు. 1956లో హంగరీ తిరుగుబాటు అణచివేత తర్వాత ఆస్ట్రియాకు వచ్చిన శరణార్థుల శిబిరంలో తోటి విద్యార్థులను కూడగట్టి కచేరీ చేశారు. 1994 జూన్‌లో, ముట్టడిలో ఉన్న బోస్నియా రాజధాని సరయేవోలో, కాలిపోయిన జాతీయ గ్రంథాలయ శిథిలాల మధ్య స్థానిక బృందంతో మోట్సార్ట్ రెక్వియమ్ (మృతుల శాంతి కోసం చేసే ప్రార్థనా సంగీతం) నడిపారు. 1999లో బుకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరం సమీపాన వైమర్‌లో ఇజ్రాయెల్ బృందాన్నీ, జర్మనీలోని బవేరియా బృందాన్నీ ఒకే వేదిక మీద కూర్చోబెట్టారు. 2005 డిసెంబర్ 26న, సునామీకి ఏడాది నిండిన రోజున, బవేరియా బృందాన్ని చెన్నై మ్యూజిక్ అకాడమీకి తెచ్చారు.

2013 సెప్టెంబర్ 7న శ్రీనగర్ షాలిమార్ బాగ్‌లో జరిగిన కచేరీ మాత్రం ఎదురు తిరిగింది. ఏర్పాటు జర్మనీ రాయబార కార్యాలయానిది, ప్రవేశం ఆహ్వానితులకే. చుట్టూ భారీ బందోబస్తు, ఊళ్లో వేర్పాటువాదుల బంద్, అదే రోజు పౌరసంఘాల పోటీ కార్యక్రమం. సరయేవోలో బృందమే ఆ ఊరిది, బాధ ఆ ఊరిది. శ్రీనగర్‌లో వాయించినవాళ్లలో ఎక్కువమంది బయటివాళ్లు, ఎవరి కోసం వాయిస్తున్నారో ఆ జనం కంచె అవతల ఉన్నారు. ఇంకోసారి అందరూ వచ్చేలా స్టేడియంలో కచేరీ చేయాలని మెహతాయే అన్నారు. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన కచేరీ ఎవరి చేతుల్లో పెడుతున్నామన్న ప్రశ్న పక్కకు పోదు. ఆయన జీవితంలో రాజకీయం పట్ల అమాయకత్వం అనదగ్గది ఇక్కడే కాస్త కనిపిస్తుంది.

దశాబ్దాలు విదేశాల్లో గడిపినా భారత పౌరసత్వం వదులుకోలేదు. 1966లో పద్మభూషణ్, 2001లో పద్మవిభూషణ్ అందుకున్నారు. ఇన్ని బిరుదులిచ్చిన దేశంలో ఆయన నడపడానికి ఒక పూర్తికాల వృత్తి ఆర్కెస్ట్రా చాలాకాలం లేదు. 1984లో న్యూయార్క్ బృందంతో, 1994లో ఇజ్రాయెల్ బృందంతో, ఇలా ఎప్పుడూ బృందాన్ని వెంటబెట్టుకునే రావలసి వచ్చింది. తండ్రి పేరిట 1995లో ముంబైలో ఏర్పడిన సంస్థ పిల్లలకు పాశ్చాత్య సంగీతం నేర్పుతోంది. 2006లో ముంబైలోని కళాకేంద్రం ఎన్‌సీపీఏ ఆధ్వర్యంలో సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా పుట్టింది. దాని వాద్యకారుల్లో పెద్ద భాగం కజకిస్థాన్ వంటి దేశాల నుంచి వచ్చినవాళ్లే. 2023 ఆగస్టులో, ఎనభై ఏడేళ్ల వయసులో, మెహతా తొలిసారి ఆ బృందం ముందు నిలబడ్డారు. మెహ్లీ బృందంలో గోవా వాద్యకారుడు సాయంత్రం పని ముగించుకుని వచ్చి వాయించేవాడు. ఈ బృందంలో భారతీయ వాద్యకారుడికి నెల జీతం వస్తుంది, కచేరీల పట్టిక ముందే చేతికి అందుతుంది. తేడా అంతవరకు వచ్చింది. ముంబైలో నేర్చుకున్న పిల్లలతోనే వెనక వరుస డబుల్ బేస్‌ల దాకా కుర్చీలన్నీ నిండే రోజు ఇంకా రాలేదు.